వెతికే యంత్రానికి ‘దేని గురించి’ అన్నది ఎలా తెలుస్తుంది? సమాచార పునఃప్రాప్తిలో అర్థం స్థానంపై ఒక ప్రశ్న

ప్రశ్న: కైఫీయతు

ఒక గ్రంథాలయంలో అటకెక్కిన పాత తెలుగు వారపత్రికలను స్కాన్ చేసి, వాటిలోని అక్షరాలను యంత్రం చదవగలిగే పాఠంగా మార్చి, ఎవరైనా ఒక మాట టైపు చేసి వెతుక్కునేలా ఏర్పాటు చేసే పనిలో రెండేళ్లుగా ఉన్నాను. సాంకేతికమైన చిక్కులు ఒక్కొక్కటిగా విడిపోతున్నాయి. ఈ మధ్య ఎదురైన ఒక చిక్కు మాత్రం సాంకేతికమైనదో తాత్త్వికమైనదో తేల్చుకోలేక ఇక్కడ రాస్తున్నాను.

రాయలసీమ కరువుల మీద పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థిని వచ్చి, “కరువు” అని వెతికి, వచ్చిన కొద్దిపాటి ఫలితాలను చూసి, ఈ సంచికల్లో తనకు పనికివచ్చేది పెద్దగా లేదని తేల్చుకుని వెళ్లిపోయింది. ఆ సంచికలను స్కాన్ చేసినది నేనే కనుక, ఉన్నదని నాకు తెలుసు. ముందుగా పర్యాయపదాల పని పట్టాను. క్షామం, కాటకం, దుర్భిక్షం, అనావృష్టి, చివరికి ‘కరవు’ అనే వర్ణక్రమాన్ని కూడా చేర్చాను. ఫలితాలు పెరిగాయి. అప్పటికీ రానివి ఏమిటో తెలుసుకుందామని కొన్ని సంచికలను చేత్తో తిరగేస్తే దిమ్మ తిరిగింది. అధికారుల ప్రకటనలలో ఎక్కడా కరువు లేదు, ఉన్నవి “వర్షాభావ పరిస్థితులు” మాత్రమే. 1950ల తొలినాళ్ల గంజి కేంద్రాల వార్తలో ఎన్ని కేంద్రాలు ఎక్కడెక్కడ తెరిచారో ఉంది తప్ప ఎందుకు తెరిచారో లేదు, ఆనాడు అది చదివే ప్రతివారికీ ఆ సంగతి తెలుసు కాబట్టి. సంతలో కాడెద్దులను అడిగినంతకు ఇచ్చి వెళ్లిపోతున్నారని రెండే వాక్యాల వార్త మరొకటి. కరువుకు అంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? కానీ అందులో వాన మాట కూడా లేదు. ఇంకొక చోట ఒక వృద్ధుడి జ్ఞాపకాలలో “మా ముత్తాత నందనలో బతికి బయటపడ్డవాడు” అని ఉంది. 1832–33 నాటి గుంటూరు కరువును నందన కరువు అంటారని తెలిసినవారికి ఆ వాక్యం చాలు. తెలియనివారికి నందన అరవై సంవత్సరాల పేర్లలో ఒకటి, 1892 కూడా నందనే, 1952 కూడా నందనే. యంత్రానికైతే అది ఒక ఉద్యానవనమో, ఒక అమ్మాయి పేరో కూడా కావచ్చు.

నా ప్రశ్న ఇది. ఇన్ఫర్మేషన్ రిట్రీవల్ అని మనం పిలుచుకునే ఈ శాస్త్రంలో, ఒక పత్రం దేని గురించినదన్న సంగతి ఎక్కడ ఉంటుందని భావిస్తారు? పత్రంలోని మాటల్లోనా, సూచిక తయారుచేసేవారి నిర్ణయంలోనా, వెతికేవారి అవసరంలోనా? ఎంబెడింగ్‌లు వాడితే (అంటే మాటలను, పత్రాలను అర్థపు పోలికను బట్టి సంఖ్యల వరుసలుగా మారిస్తే) ఇక ఈ గొడవే ఉండదని మిత్రుడొకడు అంటున్నాడు. అది నిజమా, లేక అదే ప్రశ్న ఒక గదిలోంచి లేచి ఇంకో గదిలోకి వెళ్లి కూర్చుందా?

సమాధానం: పాతసూచిక

కైఫీయతు గారూ, మీకు ఎదురైనది అమెరికాలో ఒక పెద్ద దావా నడిపిన న్యాయవాదులకు అచ్చంగా ఇలాగే ఎదురైంది. డేవిడ్ బ్లెయిర్, ఎం. ఇ. మారన్ అనే ఇద్దరు 1985లో ప్రచురించిన అధ్యయనంలో ఆ కథ ఉంది. ఒక సంస్థ తరఫున వాదిస్తున్న న్యాయవాదుల కోసం దాదాపు 40,000 పత్రాలను, అంటే సుమారు 3,50,000 పుటలను, పూర్తి పాఠంతో సహా ఐబీఎం వారి స్టెయిర్స్ అనే వ్యవస్థలోకి ఎక్కించారు. కేసుకు సంబంధించిన పత్రాలలో కనీసం 75 శాతమైనా చేతికి రావాలన్నది న్యాయవాదులు పెట్టిన షరతు. వెతుకులాట ముగిశాక, అంతకు తగ్గకుండా వచ్చాయనే వారు నమ్మారు. పరిశోధకులు వేరే దారిన లెక్కగట్టి చూస్తే, సగటున వచ్చినవి 20 శాతం. ఇక్కడ గమనించవలసినది మరొకటి ఉంది. వచ్చిన వాటిలో పనికివచ్చేవి సగటున 79 శాతం. అంటే చేతికి వచ్చినది చాలావరకు మంచిదే కావడం వల్ల, రానిది ఎంతో వారికి తోచనే లేదు. మీ విద్యార్థిని కూడా అలాగే వెళ్లిపోయింది.

ఎందుకలా జరిగిందన్నది అసలు పాఠం. న్యాయవాదులు “ప్రమాదం” అనే మాటతో వెతికారు. నిందించే ధోరణిలో రాసినవారు దానిని ప్రమాదమనే రాశారు. తప్పు తమ మీదికి వచ్చే అవకాశం ఉన్నవారు మాత్రం దురదృష్టకర పరిస్థితి అనో, ఒక ఇబ్బంది అనో రాశారు. కొన్ని ఉత్తరాలలో “మీ గత ఉత్తరంలోని విషయం” అని మాత్రమే ఉంది. ఒక సమావేశపు నమోదు అయితే, మనమంతా ఇక్కడ ఎందుకు కూర్చున్నామో అందరికీ తెలుసు అన్న ధోరణిలో మొదలవుతుంది. కొన్ని పత్రాలు ప్రమాదానికి కారణమైన సాంకేతిక లోపాన్ని చర్చిస్తాయి, ప్రమాదం ఊసెత్తవు. మరికొన్ని అది జరగడానికి ముందే రాసినవి, వాటిలో ఆ మాట ఉండే అవకాశమే లేదు.

దీనిని పర్యాయపదాల కొరతగా చూడటం పొరపాటని నా అభిప్రాయం. పర్యాయపదాలంటే ఒకే వస్తువుకు అమాయకంగా అతికించిన రెండు చీటీలు. ఇక్కడ ఒక్కొక్క పేరు వెనుక ఒక్కొక్క నిలబడే చోటు ఉంది. మీ “వర్షాభావ పరిస్థితులు” తీసుకోండి. 1880 నాటి కరువు కమిషన్ తరువాత రూపొందిన నిబంధనావళులు కొరతను ఒక స్థాయిగా, కరువును మరొక స్థాయిగా చూశాయి. ఫలానా చోట కరువు ఉన్నదని ప్రకటించడమంటే సహాయ పనులు తెరవవలసిన బాధ్యతను నెత్తికెత్తుకోవడం. కాబట్టి కరువు అనకుండా వర్షాభావం అనడం వర్ణన కాదు, ఒక చర్య. ఈ సంగతిని ఏ నిఘంటువూ పర్యాయపదాల వరుసలో నమోదు చేయలేదు.

ఇక పత్రం ‘విషయం’ ఎక్కడుంటుందన్న ప్రశ్నకు వస్తే, బర్కిలీకి చెందిన పాట్రిక్ విల్సన్ 1968లో దీనిని గట్టిగా నిలదీశాడు. ఒక రచన విషయాన్ని తేల్చడానికి మనం వాడే పద్ధతులు స్థూలంగా నాలుగన్నాడు. రచయిత ఉద్దేశం ఏమిటని చూడటం ఒకటి. చదివేటప్పుడు ఏది ముందుకు వచ్చి నిలబడుతుంది, ఏది నేపథ్యంలో ఉండిపోతుంది అని చూడటం రెండవది. దేనిని ఎన్నిసార్లు ప్రస్తావించారో లెక్కపెట్టడం మూడవది. రచనలోని భాగాలన్నింటినీ ఒకటిగా పట్టి ఉంచే సూత్రం ఏదని వెదకడం నాలుగవది. ఈ నాలుగూ ఒకే జవాబు ఇవ్వాలన్న నియమం లేదు, ఒక్కొక్క పద్ధతి కూడా మనిషిని బట్టి వేరు జవాబు ఇవ్వగలదు. మీ ఎద్దుల వార్తను తీసుకుంటే, లెక్క ప్రకారం అది సంత గురించి, ముందుకు వచ్చేది ధర, విలేకరి ఉద్దేశం బహుశా పాఠకులకు ధరవరలు తెలపడం. కరువు ఈ నాలుగింటిలో దేనికీ చిక్కదు. అది కరువు గురించినది అయినది, మీ విద్యార్థిని ప్రశ్న దాని మీద పడినప్పుడు.

బ్లెయిర్ ఈ దారినే ఇంకా ముందుకు వెళ్లి, 1990లో వెలువడిన తన పుస్తకంలో సమాచార పునఃప్రాప్తి అడుగున ఉన్నది భాషా తత్త్వశాస్త్రమేనని వాదించాడు. మాటకు అర్థం అంటే భాషలో దాని వాడుక అన్న తత్త్వవేత్త విట్‌గెన్‌స్టైన్ భావన ఆయనకు పునాది. పత్రానికి అతికించే సూచిక పదం కూడా ఒక వాడుకలో భాగమేనని, ఆ పత్రాన్ని ఎవరు ఏ పనికి వాడతారో తెలియకుండా దానికి సరైన పేరు పెట్టడం కుదరదని ఆయన వాదన సారాంశం. నేను ఈ పక్షాన్నే ఉన్నాను.

సమాధానం: లెక్కలమారి

పాతసూచిక గారు చెప్పినది ఆసక్తికరంగా ఉంది. అయితే ఈ కథకు రెండవ సగం ఉంది, దానిని వదిలేస్తే మనిషి చేతితో సూచిక తయారుచేసే రోజులకు తిరిగి వెళ్లాలన్న అభిప్రాయం కలుగుతుంది. ఈ రంగంలోని పరిశోధకుడు గెరార్డ్ సాల్టన్ 1986లోనే ఆ అధ్యయనానికి జవాబిస్తూ, మనుషులు విషయ శీర్షికలు పెట్టిన వ్యవస్థలలో కూడా ఫలితాలు అంతకంటే మెరుగ్గా లేవని గుర్తుచేశాడు. అంతకు ముందే ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్‌లో సిరిల్ క్లెవర్డన్ 1960లలో జరిపిన రెండవ ప్రయోగం ఉంది. వైమానిక శాస్త్రానికి చెందిన 1,400 పత్రాల మీద, రెండు వందలకు పైగా ప్రశ్నలతో, 33 రకాల సూచిక భాషలను పోల్చి చూశారు. నియంత్రిత పదజాలాలు, పదబంధాలు, పైస్థాయి కిందిస్థాయి పదాల ఏర్పాట్లు అన్నీ వాటిలో ఉన్నాయి. అన్నింటికంటే బాగా పనిచేసినవి పత్రంలోంచి తీసిన విడి మాటలు. పర్యాయపదాలను, రూపభేదాలను కలపడం వరకు పరవాలేదు, అర్థాలను బట్టి అంతకు మించి పెద్ద గుంపులు కట్టినకొద్దీ ఫలితం దిగజారింది. ఈ ముగింపు క్లెవర్డన్‌కే మింగుడుపడలేదు.

నాకు ఇంకా ఎక్కువగా ఆలోచన కలిగించేది కారెన్ స్పార్క్ జోన్స్ నడిచిన దారి. ఆమె పనిచేసిన కేంబ్రిడ్జి భాషా పరిశోధన బృందాన్ని స్థాపించిన మార్గరెట్ మాస్టర్‌మన్, 1933–34లో విట్‌గెన్‌స్టైన్ పాఠాలు విన్న కొద్దిమందిలో ఒకరు. మాటలకు వాడుకను బట్టి అర్థకుటుంబాలు కట్టవచ్చన్న ఆలోచన ఆ బృందంలో గాలిలోనే ఉండేది. స్పార్క్ జోన్స్ 1964 నాటి సిద్ధాంతవ్యాసం కూడా పర్యాయత్వం మీద, అర్థాల వర్గీకరణ మీదే. తరువాత ఆమె పదాలను యంత్రంతో గుంపులు కట్టి వెతుకులాటలో ప్రయోగించి చూసింది, ఆశించినంత లాభం కనబడలేదు. 1972లో ఆమె రాసిన వ్యాసం ఈ శాస్త్రానికి ఇచ్చిన పనిముట్టు ఒక చిన్న లెక్క: సంకలనంలోని మొత్తం పత్రాల సంఖ్యను, ఆ మాట ఉన్న పత్రాల సంఖ్యతో భాగించి, దాని లాగరిథం తీసుకోవడం. 10,000 పత్రాలలో 10 పత్రాలలో మాత్రమే ఉన్న మాటకు, పది ఆధారంగా లెక్కిస్తే, బరువు 3 వస్తుంది. 1,000 పత్రాలలో ఉన్న మాటకు 1 వస్తుంది. నేటికీ ఎన్నో శోధన వ్యవస్థల కడుపులో ఈ లెక్క ఏదో ఒక రూపంలో ఉంది.

దీనిని గణాంకాల చిట్కాగా కొట్టిపారేయడం నాకు నచ్చదు, ఎందుకంటే అందులో అర్థం గురించిన ఒక స్పష్టమైన నిర్ణయం దాగి ఉంది. నిర్దిష్టత అనేది మాట అర్థంలో ఉన్న గుణమని అంతవరకు అందరూ అనుకున్నారు. ధాన్యం అన్న మాట కంటే మొలగొలుకులు అన్న మాట నిర్దిష్టమైనదని ఎవరైనా అంటారు. కానీ నెల్లూరు బియ్యం వర్తకుల పత్రిక ఒకటి ఉందనుకుంటే, అందులో మొలగొలుకులు ప్రతి సంచికలోనూ ఉంటాయి కాబట్టి, ఆ మాటతో వెతికేవాడికి ఒక్క పత్రం కూడా పక్కకు తొలగదు. అక్కడ ఆ మాట ఏమీ చెప్పని మాట. అంటే మాటకు విలువ దాని లోపల లేదు, అది ఈ సంకలనాన్ని ఎలా చీలుస్తుందన్న దానిలో ఉంది. కైఫీయతు గారూ, మీరు రేపు కరువు పత్రాలన్నింటినీ ఏరి ఒక ప్రత్యేక సంకలనం చేశారనుకోండి, ఆ క్షణం నుంచే అందులో “కరువు” పనికిరాని మాట అయిపోతుంది, “గంజి” బరువైన మాట అవుతుంది.

అయితే పాతసూచిక గారికి ఒక విషయంలో ఓటు వేస్తాను. క్రాన్‌ఫీల్డ్ లెక్కలన్నీ ఆధారపడినది, ఈ ప్రశ్నకు ఈ పత్రం పనికివస్తుందా లేదా అని మనుషులు చెప్పిన తీర్పుల మీద. ముందు తలుపు నుంచి గెంటేసిన అర్థాన్ని వెనుక తలుపు తెరిచి న్యాయమూర్తి కుర్చీలో కూర్చోబెట్టినట్లయింది. శోధన వ్యవస్థలను పోల్చి చూసేందుకు 1992లో మొదలైన ట్రెక్ పోటీలలో కూడా ఇదే ఏర్పాటు. ఎలెన్ వోర్హీస్ 1998లో చూపినదేమంటే, ఒకే ప్రశ్నకు ఇద్దరు వేరు వేరు పరీక్షకులు పనికివస్తాయని ఎంచిన పత్రాలు ఒకదానితో ఒకటి కలిసిన పాలు సగానికి కూడా చేరలేదు. విచిత్రమేమిటంటే, తీర్పరులను మార్చినా ఏ వ్యవస్థ ఏ వ్యవస్థ కంటే మేలన్న వరుస పెద్దగా మారలేదు. దేనికి ఏది ప్రాసంగికమో మనుషులకు ఏకాభిప్రాయం లేకపోయినా పోలిక మాత్రం నిలబడింది. ఇంజినీరుకు ఇది ఊరట. మీ విద్యార్థినికి కాదు, ఎందుకంటే ఆమెకు కావలసినది సగటు కాదు, ఆ ఎద్దుల వార్త.

సమాధానం: శబ్దశక్తి

పై ఇద్దరి చర్చలో ఇరవయ్యవ శతాబ్దానికి ముందటి శాస్త్రకారుల మాట ఒక్కటీ రాలేదు కనుక, అలంకారశాస్త్రం చదువుకున్న వాడిగా ఒక సంగతి కలుపుతాను. భోజనానికి కూర్చున్నవాడు సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి లేచినవాడు అదే మాట అంటే గుర్రాన్ని తేవాలి. ఈ ఉదాహరణ మనలో చాలామందికి పాఠశాలలోనే తెలుసు. కానీ దీని వెనుక ఉన్న జాబితాను ఎక్కువమంది చూసి ఉండరు. అనేకార్థాలు ఉన్న మాటకు ఒక సందర్భంలో ఒకే అర్థం ఎలా నిలుస్తుందో చెప్పే కారణాలను భర్తృహరి వాక్యపదీయంలో వరుసగా పేర్కొన్నాడు, మమ్మటుడు కావ్యప్రకాశంలో వాటిని ఎత్తి చూపాడు. సంయోగం, వియోగం, సాహచర్యం, విరోధం, ప్రయోజనం, ప్రకరణం (మాట వచ్చిన సందర్భం), గుర్తు, మరొక మాట సన్నిధి, సామర్థ్యం, ఔచిత్యం, దేశం, కాలం, పదం యొక్క లింగం, స్వరం మొదలైనవి. శంఖచక్రాలతో ఉన్న హరి అంటే విష్ణువు, సింహమో కోతో కాదు. చిత్రభానుడు ప్రకాశిస్తున్నాడంటే పగలైతే సూర్యుడు, రాత్రైతే నిప్పు.

లెక్కలమారి గారి యంత్రాలన్నీ ఈ జాబితాలో దేనిని పట్టుకున్నాయో చూడండి. ‘మరొక మాట సన్నిధి’ అనే ఒక్క అంశాన్ని, మహా అయితే సాహచర్యాన్ని. ఎందుకంటే అవి పాఠం లోపలే దొరుకుతాయి. ప్రకరణం, ఔచిత్యం, దేశం, కాలం పాఠం బయట ఉన్నాయి. నేటి శోధన యంత్రాలు ఫోను ఉన్న చోటును, సమయాన్ని చూసి జవాబు మార్చడం మొదలుపెట్టినప్పుడు, భర్తృహరి జాబితాలో ఇంకో రెండు గళ్లకు టిక్కు పెట్టినట్లే అనిపించింది. మీ ‘నందన’ కూడా కాలం తెలిస్తే విడిపోయే ముడి. ఆ వృద్ధుడు ఎప్పుడు రాశాడు, ముత్తాత అంటే ఎన్ని తరాల వెనుక అన్న రెండు ముక్కలు చాలు, 1832 అని తేలిపోవడానికి.

సమాధానం: వడ్లగింజ

శబ్దశక్తి గారి జాబితా ముచ్చటగా ఉంది, కానీ అది ఎదురు దిక్కున ఉన్న సమస్యకు మందు. ఒక మాటకు అనేక అర్థాలు ఉంటే ఏమి చేయాలో అది చెబుతుంది. కైఫీయతు గారి బాధ ఒక సంగతికి అనేకమైన పేర్లు ఉండటం, కొన్నిచోట్ల అసలు పేరే లేకపోవడం. గంజి కేంద్రాల వార్తలో విడదీయవలసిన శ్లేష ఏదీ లేదు. అక్కడ మాట లేదు, అంతే.

అనేకార్థాల బెడద కూడా ఉందనుకోండి. తెలుగు వారపత్రికల మీద ఇటువంటి పనే చేసినప్పుడు, విభక్తులను, సంధులను విప్పి “కరువు” రూపాలన్నింటినీ ఒక్క మొదలు కిందికి తెచ్చామని సంబరపడ్డాను. మరునాడు చూస్తే ఫలితాలలో పై వరుసన ఉన్నది ఒక ధారావాహిక నవల. అందులో కథానాయిక కరువుతీరా ఏడ్చింది, నాయకుడికి మాటలు కరువయ్యాయి, లోకంలో ధర్మం కరువైంది. వాన కురవని చోటు ఆ నవలలో ఎక్కడా లేదు.

సమాధానం: పాతసూచిక

వడ్లగింజ గారి నవల చూసి నవ్వాను. ఇక ఎంబెడింగ్‌ల సంగతి మిగిలిపోయింది కనుక దాని మీద రెండు మాటలు రాసి ఊరుకుంటాను.

ఈ పద్ధతికి పూర్వీకులు ఇద్దరు. ఒకే రకమైన పరిసరాలలో వచ్చే మాటలకు అర్థంలో పోలిక ఉంటుందన్న జెలిగ్ హారిస్ 1954 నాటి ఆలోచన ఒకటి, మాటను దాని సహవాసాన్ని బట్టి తెలుసుకోవాలన్న జె. ఆర్. ఫర్త్ 1957 నాటి మాట మరొకటి. 1990లో డీర్‌వెస్టర్, డ్యూమే తదితరులు పదాలు, పత్రాల పట్టికను గణితంతో కుదించి, ఉమ్మడి మాట ఒక్కటీ లేని ప్రశ్నకూ పత్రానికీ మధ్య దగ్గరితనం లెక్కించగలమని చూపారు. 2013 తరువాత వచ్చిన ఎంబెడింగ్ పద్ధతులు, 2019 నుంచి గూగుల్ శోధనలో చేరిన భాషా నమూనా బెర్ట్‌తో సహా, ఆ సహవాస సూత్రాన్నే ఎంతో పెద్ద ఎత్తున, మాట వచ్చిన వాక్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, నడుపుతున్నాయి. అర్థమంటే వాడుక అని విట్‌గెన్‌స్టైన్ అన్నాడు కదా, ఇదిగో వాడుకంతా సంఖ్యలలోకి వచ్చేసిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఆయన వాడుక అన్నది ఒక పనిలో మాట పోషించే పాత్రను. రాళ్లు కట్టే మేస్త్రీ “పలక” అని అరిస్తే సహాయకుడు పలక అందించడం ఆయన ఉదాహరణ. పక్కనున్న మాటలు ఆ పనిలోంచి రాలిపడిన రజను. రజనును బట్టి ఏ చెట్టును కోశారో చాలావరకు చెప్పవచ్చు, అది నిజమే. ఎవరింటికి తలుపు చేస్తున్నారో మాత్రం చెప్పలేము.

మీ సంకలనంలో ఏం జరుగుతుందో ఊహించండి. “కరువు” చుట్టూ, “వర్షాభావ పరిస్థితులు” చుట్టూ ఉండే మాటలు చాలావరకు ఒకటే: పంటలు, చెరువులు, ఎండిపోవడం, తాలూకాలు, సహాయం. కాబట్టి ఎంబెడింగ్ ఆ రెండింటినీ పక్కపక్కన కూర్చోబెడుతుంది, కరువు అని వెతికితే అధికారుల ప్రకటనలు కూడా వస్తాయి. మీ మిత్రుడి మాట అంతవరకు నిజమే, గంజి కేంద్రాల వార్త కూడా రావచ్చు. కానీ ఇంతకు ముందు నేను చెప్పినట్లు, ఒకరు కరువని, మరొకరు వర్షాభావమని అనడంలోనే ఆ కాలపు రాజకీయమంతా ఉంది. ఆ తేడాను చదును చేసి దొరికేలా చేయడమే ఈ పద్ధతి బలం. చరిత్ర రాసేవారికి ఆ తేడాయే సాక్ష్యం. ప్రమాదం అన్న ఉత్తరాలూ, దురదృష్టకర పరిస్థితి అన్న ఉత్తరాలూ ఒకే కుప్పగా న్యాయవాది ముందు పడితే, ఎవరు ఏ మాటను తప్పించుకున్నారో చూడటం మళ్లీ ఆయన పనే అవుతుంది. ఇక ఎద్దుల వార్త విషయంలో నాకు ఆశ తక్కువ. దాని సహవాసమంతా ధరవరల వార్తలతో, తిరునాళ్ల వార్తలతో. యంత్రం దానిని అక్కడే ఉంచుతుంది, దాని దృష్టిలో అది తప్పు కూడా కాదు.

సమాధానం: లెక్కలమారి

ఇందులో ఒక్క సవరణ. చదును చేయడం తప్పనిసరి కాదు. మాటల సూచికను, ఎంబెడింగ్‌ల సూచికను రెండింటినీ పక్కపక్కన ఉంచి, ఒక్కొక్క ఫలితం ఏ దారిన వచ్చిందో చూపించవచ్చు. “ఈ పత్రంలో మీ మాట ఉంది” అని కొన్నింటికి, “ఈ పత్రంలో మీ మాట లేదు, దీని పోలిక వల్ల వచ్చింది” అని మరికొన్నింటికి చీటీ పెడితే, పాతసూచిక గారు చెప్పిన సాక్ష్యం పోదు, పైగా కంటికి కనబడుతుంది. మాట ఉన్నవి ఎవరు రాసినవి, మాట లేనివి ఎవరు రాసినవి అన్న పట్టిక దానంతట అదే తయారవుతుంది. గణితానికి ఇది భారం కాదు. తెర మీద చోటు తక్కువని, వాడేవారు తికమకపడతారని ఎవరూ చేయరు, అంతే.

జవాబు: కైఫీయతు

అందరికీ కృతజ్ఞతలు. విషయం పత్రంలో ఉంటుందా, వెతికేవారిలో ఉంటుందా అని అడిగినప్పుడు ఏదో ఒకటి ఎంచుకోవాలన్నట్లు అడిగాను. ప్రశ్న పత్రం మీద పడినప్పుడే అది కరువు గురించినది అయిందన్న పాతసూచిక గారి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మొదట అది కొంచెం వేదాంతంలా వినిపించింది. కానీ ఆ విద్యార్థినికి కబురు పెట్టి, సంత ధరల పేజీలు చూడమని చెప్పాను, ఇప్పుడు ఆమె వెతుకుతున్నది “కరువు” కాదు, జోడెద్దుల ధర. మూడేళ్ల సంచికల్లో ఆ ధర ఎలా మారిందో పట్టిక గీస్తోంది. నేను ఒక్క పదాన్ని కూడా సూచికలో మార్చలేదు, పత్రాలు అవే.

లెక్కలమారి గారు చెప్పిన రెండు రకాల చీటీలను వచ్చే నెల పెట్టి చూస్తాము. నందన మాత్రం నా చేతిలోనే మిగిలింది. శబ్దశక్తి గారు చెప్పినట్లు కాలాన్ని బట్టి తేల్చాలంటే, ఆ జ్ఞాపకాలు ఏ సంచికలో వచ్చాయో తెలియాలి. దాని ముఖపత్రాన్ని ఎవరో ఎప్పుడో చింపేశారు. లోపలి పుటల్లో సంవత్సరం ఎక్కడా లేదు, ఒక పంచాంగం ప్రకటన తప్ప, అందులో ఉన్నది కూడా సంవత్సరం పేరే.